శుక్రవారం కుర్చీ

"ఇంకా పెళ్లెందుకు చేసుకోలేదమ్మా?" అని మిసెస్ ప్లమ్‌స్టెడ్ ఇనెస్‌ని అడిగింది. అడిగేసి, తల వెనక్కి వాల్చి, అద్దంలోంచి ఇనెస్ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

వెనకాల బేసిన్ దగ్గర తువ్వాళ్లు మడతపెడుతున్న వియోరిక చేతులు ఆగిపోయాయి. చెప్పు, ఏం చెబుతావో చెప్పు చూద్దాం, అనుకుంది.

ఇనెస్ రోలరు చుట్టడం కూడా ఆపలేదు. "అయ్యో మిసెస్ ప్లమ్‌స్టెడ్! ఆ కథ మొదలెట్టానంటే మీరు సాయంత్రం దాకా డ్రయ్యర్ కిందే కూర్చోవాలి. మీ జుట్టు మాడిపోయిందంటే గ్లెండా నన్ను బతకనివ్వదు. అవునూ, మీది ప్రేమ పెళ్లట కదా, నిజమేనా?"

అంతే. ముసలావిడ మొహం చేటంత అయింది. సముద్రంలోకి కట్టిన పియర్ మీద డాన్సు, అద్దెకి తెచ్చుకున్న బూట్లు వేసుకొచ్చిన కుర్రాడు, గోడ దూకి ఇంటికెళ్లడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. ఇనెస్ "ఆఁ", "అబ్బో", "తర్వాత?" అంటూ పిన్నులు గుచ్చుకుంటూ పోయింది. ఇనెస్ పెళ్లి సంగతి గాల్లో కలిసిపోయింది.

వియోరికకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఇనెస్ చుట్టే రోలర్లు వదులు. దువ్వెనతో పాయ తీసేటప్పుడు కుదుళ్ల దాకా పోదు, మధ్యలోనే చుట్టేస్తుంది. ఆవిడ సెట్ చేసిన జుట్టు మంగళవారానికల్లా చప్పబడిపోతుంది. వియోరిక చుట్టిందంటే పాయ పాయా కుదురు నుంచి బిగిసి, వచ్చే గురువారం దాకా చెక్కుచెదరదు. ఆ సంగతి షాపు యజమానురాలు గ్లెండాకి తెలుసు, ఇనెస్‌కీ తెలుసు. కానీ ఎవరిక్కావాలి? కూర్చున్న గంటసేపూ మనసు తేలిగ్గా ఉందా లేదా, ఈ ముసలమ్మలకి అదీ లెక్క.

ఆ ముసలమ్మలు పదకొండు మంది. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఇదే షాపుకొచ్చి, కిటికీ పక్క కుర్చీలో గ్లెండా చేత జుట్టు కడిగించుకుని సెట్ చేయించుకుంటున్నారు. ఈ ఇంగ్లీషు ఊరు యార్మత్‌లో వానొచ్చినా, సముద్రం రోడ్డెక్కినా శుక్రవారం మానరు. ఇప్పుడు గ్లెండాకి రెండు మోకాళ్లూ పోయాయి. వచ్చే నెల నుంచి నిలబడలేనని చెప్పేసింది. శుక్రవారం కుర్చీ ఎవరిదైతే షాపు తాళాలు వాళ్లవి, షాపు నడిపేది వాళ్లు. రెండోవాళ్లు వాళ్ల చేతికింద పనిచెయ్యాలి. ఇనెస్ వయసు ముప్ఫయ్యొకటి, వియోరికకి నలభై నాలుగు. ఇరవయ్యేళ్లుగా కత్తెర పట్టిన మనిషి ఇనెస్ చేతికింద పనిచెయ్యడమా?

"ఈ శుక్రవారం ఇనెస్ చేసింది, వచ్చే శుక్రవారం నువ్వు. ఎవరు కావాలో ఆ పదకొండు మందే చెబుతారు. నాకే పక్షపాతమూ లేదు," అంది గ్లెండా ఆ సాయంత్రం షాపు మూసే ముందు. తర్వాత ఇనెస్ బయటికెళ్లిందో లేదో చూసుకుని గొంతు తగ్గించింది. "నీ చేతికి వంక పెట్టేవాళ్లు లేరు వియోరికా. నీ నోటితోనే నా గొడవంతా."

"నా నోరేం చేసింది?"

"ఫిబ్రవరిలో నేను రాలేనప్పుడు పెగ్గీ థర్టిల్ జుట్టు నువ్వే చేశావు. మీ ఆయనేం చేస్తుంటాడని అడిగింది. ఏం చెప్పావు?"

"ఉన్నది చెప్పాను."

"అదే! నారిచ్‌లో ఇంకొకదానితో ఉంటున్నాడనీ, అది నీకంటే పదిహేనేళ్లు చిన్నదనీ, ఆ చలికాలం నువ్వు మంచం దిగలేదనీ. పాపం పెగ్గీ డ్రయ్యర్ కింద నోరు మెదపకుండా కూర్చుంది. ఆ రోజు బిస్కెట్టు కూడా ముట్టలేదు."

"ఆవిడే కదా అడిగింది!"

"అడుగుతారమ్మా. అడగడం మర్యాద. చెప్పకుండా తప్పుకోవడం కూడా మర్యాదే. ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉన్నావు, అదొక్కటీ పట్టుబడలేదు నీకు."

సోమవారం షాపుకి సెలవు. లైబ్రరీ మేడమీద లేసీ గారి ఇంగ్లీషు మాటల క్లాసుకి ఇద్దరూ వెళ్తారు. లేసీ పోస్టాఫీసులో రిటైరైన మనిషి, డబ్బు తీసుకోకుండా చెబుతాడు. ఆ రోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ఇబ్బంది పెట్టే ప్రశ్నలు. దాని కింద జీతమెంత, పిల్లలెందుకు లేరు, బరువెంత, మీ దేశానికి ఎప్పుడు వెళ్లిపోతారు. చివరిదానికి క్లాసంతా నవ్వింది.

"కోప్పడకూడదు, అబద్ధమాడకూడదు, నిజం మొత్తం చెప్పేసి ఎదుటివాణ్ని ముంచెయ్యనూ కూడదు," అన్నాడు లేసీ. "మొదట నవ్వండి. తర్వాత చిటికెడు చెప్పండి. ఆ వెంటనే ప్రశ్నని తిప్పి వాళ్ల చేతిలోనే పెట్టెయ్యండి. మనుషులకి తమ గురించి చెప్పుకోవడం కంటే ఇష్టమైనదేముంది?"

ఇద్దరిద్దరు కూర్చుని సాధన చెయ్యమన్నాడు. వియోరిక ఖర్మ, పక్కనున్నది ఇనెస్.

సరే, దొరికావు కదా అనుకుంది వియోరిక. మిసెస్ ప్లమ్‌స్టెడ్‌కి తోచని ప్రశ్న వెతికి మరీ అడిగింది. "తొమ్మిదేళ్ల కూతుర్ని పోర్చుగల్‌లో మీ అమ్మ దగ్గర వదిలేసి ఇక్కడ ఎలా ఉండగలుగుతున్నావు?"

ఇనెస్ చేతిలో నీళ్ల సీసా ఉంది. దాని మీద కాగితం అంచుని గోటితో గీకి లేపింది. తర్వాత నవ్వింది. "నేను వదలడమా! అమ్మమ్మ వంట మరిగి అదే నన్ను వదిలేసింది. ఏం, మీ రుమేనియాలో అమ్మమ్మలు పిల్లల్ని ఇంతలా చెడగొట్టరా?"

"అద్భుతం!" అని లేసీ చప్పట్లు కొట్టాడు. "విన్నారా అందరూ? ఎంత సుతారంగా తిప్పిందో!"

సీసా మీద కాగితం సగం దాకా ఊడిపోయి ఉంది. వియోరిక చూసింది కానీ, దాని గురించి ఆలోచించే తీరికెక్కడిది? ఆ వాక్యం మర్చిపోకముందే నోట్సులో రాసుకుంటోంది.

"ఇప్పుడు నీ వంతు," అంది ఇనెస్. "మీ ఆయన నిన్నెందుకు వదిలేశాడు?"

వియోరిక నవ్వింది. నవ్వు బాగానే వచ్చింది. "ఎందుకంటే..." అని, చిటికెడు ఎంతో తెలియక, "ఎందుకంటే నేను ఇంట్లో ఉంటే ఇల్లు ఆస్పత్రిలా ఉంటుందన్నాడు," అనేసింది. ఎవరో దగ్గారు. "ఫరవాలేదు, ఫరవాలేదు, నెమ్మదిగా వస్తుంది," అన్నాడు లేసీ, చిన్నపిల్లకి చెప్పినట్టు.

టీ తాగేటప్పుడు ఇనెస్ కప్పు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "ఒకటి చెప్పనా? నిన్ను చూస్తే నాకు కుళ్లు."

"నన్నా!"

"ఒట్టు. అడగ్గానే చెప్పేస్తావు. నేనీ ఊరొచ్చి ఆరేళ్లయింది. నన్నెవరూ ఏదీ రెండోసారి అడగలేదు."

గెలిచేవాళ్లకి ఇలాంటి మాటలు బాగానే వస్తాయి, అనుకుంది వియోరిక. దయ చూపిస్తోంది మహాతల్లి! కప్పులో టీ సింకులో పారబోసి కోటు వేసుకుంది.

మంగళవారం నుంచి గురువారం దాకా వియోరిక చేసిన సాధన మాటల్లో చెప్పలేం. షాపులో బొమ్మ తల ఒకటుంది, కుర్రపిల్లలకి నేర్పేందుకు. మధ్యాహ్నం భోజనం వేళ అందరూ వెళ్లాక దాన్ని కుర్చీలో బిగించి, రోలర్లు చుడుతూ దానితో మాట్లాడింది. అద్దెంత కడుతున్నావని బొమ్మ అడిగినట్టు అనుకోవడం, నవ్వడం, చిటికెడు, తిప్పడం. మొదట్లో నవ్వినప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది. చెయ్యి కదిలితే మాట ఆగేది. ఇనెస్‌కి రెండూ కలిసే సాగుతాయి, అదే దాని గొప్ప. బుధవారానికి వియోరికకీ సాగాయి. గురువారం బొమ్మ తలని అద్దంలో చూస్తూ, "అయ్యో, అది చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది! మరి మీవాళ్లంతా ఎలా ఉన్నారు?" అంటే, అచ్చం ఇనెస్ గొంతే వినిపించింది. సిగ్గేసింది కానీ సంతోషమే ఎక్కువేసింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకే మొదటి ముసలమ్మ వచ్చింది. గ్లెండా గల్లా పెట్టె దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుంది, ముందు అపాయింట్‌మెంట్ల పుస్తకం, చెవిలో పెన్సిలు. జుట్టు అయ్యాక ఒక్కొక్కరూ కోటు వేసుకుంటూ ఆవిడ చెవిలో చెబుతారు, ఆవిడ పేరు పక్కన చిన్న అక్షరం రాస్తుంది. ఇనెస్ ఆ రోజు తువ్వాళ్ల పని, ఊడ్చే పని.

అబ్బ, ఏం నడిచిందా రోజు! వేళ్లు వాటంతటవే పాయలు తీశాయి. ఎప్పుడు వెళ్లిపోతావమ్మా మీ దేశం అని ఒకావిడ అడిగితే, "మీ జుట్టుని ఎవరికప్పగించి వెళ్లమంటారు?" అంది వియోరిక. షాపంతా ఘొల్లుమంది. వయసెంత అని అడిగిన ఆవిడతో, "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మీరు మాత్రం ఎనభై దాటారంటే నేను నమ్మను," అంది. మిసెస్ ప్లమ్‌స్టెడ్ అయితే డ్రయ్యర్ టోపీ కిందనుంచి తల బయటికి పెట్టి, "ఈ పిల్లకి ఏమైందే గ్లెండా? మాటలు నేర్చింది!" అని కేకేసింది. ఊడుస్తున్న ఇనెస్ చీపురు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడి చూసింది. ఆ చూపు వియోరిక వీపుకి ఎండలా తగిలింది. మండనీ, ఇన్నాళ్లూ నాకు మండలేదా, అనుకుంది.

ఒంటిగంటకి టీ పోయడానికి వెళ్తూ పుస్తకంలోకి తొంగి చూసింది. నాలుగు తనవి, నాలుగు ఇనెస్‌వి. రెండింటికి అయిదూ అయిదూ. మిగిలింది ఒక్క పేరు.

పెగ్గీ థర్టిల్!

పదకొండు మందిలో ఎవరి దగ్గరైతే వియోరిక నోరుజారిందో ఆవిడ చేతిలోకే పోయి పడింది తన తలరాత. పోనీలే, ఫిబ్రవరి వియోరిక కాదుగా ఇప్పుడున్నది. ఆవిడ చేత బిస్కెట్టు తినిపించి పంపిస్తాను, అనుకుంది.

రెండున్నరకి పెగ్గీ వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్లు, పొట్టి మనిషి. కోటు గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంది. వియోరికే విప్పి తగిలించింది. బేసిన్ మీద తల వాల్చి కడుగుతుంటే కళ్లు మూసుకుంది, నీళ్ల వేడి సరిపోయిందా అంటే తలూపింది. కిటికీ కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక కూడా చేతిసంచీ ఒళ్లోనే పెట్టుకుంది, పక్కన పెట్టనివ్వలేదు.

వియోరిక నుదుటి మీది మొదటి పాయ తీసింది. రెండోది, మూడోది. నాలుగో రోలరు చుడుతుండగా పెగ్గీ అద్దంలోంచి చూసింది.

"ఇప్పటికీ ఒక్కదానివేనా తల్లీ నువ్వు?" గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇంటికెళ్లాక... సాయంత్రాలు ఏం చేస్తావు?"

ఇదిగో వచ్చింది! వియోరిక మూడు రోజుల సాధన అంతా ఒక్కసారిగా నాలుక చివరికొచ్చింది. మొదట నవ్వు. వేళ్లు ఆగకూడదు, ఆగలేదు. "అయ్యో మిసెస్ థర్టిల్, నా సాయంత్రాల సంగతి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది! చేతినిండా పనే నాకు. మరి మీవారు లెన్ గారు ఎలా ఉన్నారు? ఇంకా మీ టీ ఆయనే కలిపిస్తున్నారా?"

అంతకంటే బాగా ఇనెస్ కూడా అనలేదు. గల్లా దగ్గర గ్లెండా తల పైకెత్తి మెచ్చుకోలుగా చూసింది.

పెగ్గీ అద్దంలో కాసేపు వియోరికనే చూసింది. తర్వాత సంచీ పిడి మీద చేతులు సర్దుకుంది. "బాగానే ఉన్నాడమ్మా. ఏదో, అలా నడుస్తోంది. మీరంతా ఎంత మంచివాళ్లో," అంది.

ఆ తర్వాత వాతావరణం గురించి మాట్లాడారు. రోడ్డు తవ్వకాల గురించి మాట్లాడారు. పెగ్గీ అన్నిటికీ నవ్వింది, మర్యాదగా జవాబిచ్చింది, డ్రయ్యర్ కింద బిస్కెట్టు కూడా తింది. వియోరిక రోలర్లు విప్పి, దువ్వి, వెనక ఎత్తు చేసి, స్ప్రే కొట్టి చేతద్దం వెనకాల పట్టుకుంది. ఇంత అందంగా తన చేతుల్లో ఏ సెట్టూ రాలేదు. "చాలా బావుంది," అంది పెగ్గీ. గ్లెండా దగ్గరికెళ్లి కోటు వేసుకుంటూ చాలాసేపే మాట్లాడింది. గ్లెండా ఆవిడ మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్లి, వీధిలోకి దిగాక కూడా చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చి పెన్సిలు తీసింది. రాసింది. పుస్తకం మూసింది.

"ఇనెస్," అంది. "శుక్రవారాలు నీవి."

ఇనెస్ చీపురు గోడకి ఆనించింది. "నావా?" అంది. వియోరిక దువ్వెన్లు కడుగుతోంది. ఒక్కొక్క పన్ను సందునా గోటితో గీకి మరీ కడుగుతోంది. దీనికా? ఈ చప్పబడిపోయే సెట్లకా?

ఇనెస్ చెత్త సంచీ పట్టుకుని వెనక సందులోకి వెళ్లాక అడిగింది. "తప్పేం చేశాను? చెప్పు గ్లెండా. నవ్వాను. చిటికెడే చెప్పాను. తిప్పి అడిగాను. ఇంకేం చెయ్యాలి మనిషి?"

గ్లెండా మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది. "లెన్‌ని ఆరు వారాల కిందటే వృద్ధుల హోమ్‌లో చేర్చారట. పెగ్గీని గుర్తుపట్టడం మానేశాడు. మనకెవ్వరికీ చెప్పలేదు, ఇప్పుడే తలుపు దగ్గర చెప్పింది. యాభై ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఒక్కర్తే."

వియోరిక చేతిలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"తనకి తెలిసినవాళ్లలో, నిజంగా ఎలా ఉంటుందో చెప్పిన మనిషివి నువ్వొక్కదానివేనట. ఫిబ్రవరిలో నువ్వు చెప్పిందంతా తలచుకుంటూ ఉందట ఇన్నాళ్లూ. మిగతాది అడుగుదామని వచ్చిందట." గ్లెండా ఇబ్బందిగా కిటికీ వైపు చూసింది. "నీ మీద కోపమేమీ లేదందమ్మా. ఊరికే కబుర్లే అయితే ఇనెస్ ఇంకా బాగా చెబుతుంది కదా, అంది."

శనివారం వియోరిక పనికెళ్లింది. తాళాలు ఇనెస్ నడుముకి వేలాడుతూ అడుగడుక్కీ గలగలమన్నాయి. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా వియోరికకి పళ్లు కొరుక్కోవాలనిపించింది. "సోమవారం క్లాసుకొస్తావా?" అని ఇనెస్ అడిగింది. "చూద్దాం," అంది.

ఆదివారం మధ్యాహ్నం వియోరిక బస్సెక్కి, వంతెన అవతల దిగి, వరస ఇళ్లలో పెగ్గీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. పిలవకుండా ఇక్కడెవరూ ఎవరింటికీ వెళ్లరు. ఆ సంగతి వియోరికకి బాగా తెలుసు. తలుపు కొట్టాక వెళ్లిపోదామనిపించింది కూడా. ఎందుకొచ్చినట్టు? కుర్చీ ఎలాగూ పోయింది, తిరిగి రాదు. పోయిందన్న మంట ఛాతీలో అలాగే ఉంది, రవ్వంత తగ్గలేదు.

పెగ్గీ తలుపు తీసింది. జుట్టు చెక్కుచెదరలేదు. వియోరిక ముందు అదే చూసింది, అలవాటు కొద్దీ.

"ఏమ్మా? ఏమైంది?"

"మీరు అడిగారు కదా," అంది వియోరిక. గుమ్మంలోనే నిలబడి. "సాయంత్రాలు ఏం చేస్తావని. జవాబు చెప్పకుండా వెళ్లిపోయాను."

పెగ్గీ తలుపు ఇంకాస్త తెరిచింది. ఇద్దరూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. వియోరిక కోటు విప్పలేదు.

"మొదటి ఏడాది ఏమీ చెయ్యలేదు," అంది. "లైటు కూడా వేసుకునేదాన్ని కాదు. వీధి లైటు వెలుతురు సరిపోతుందిలే అనుకునేదాన్ని. పక్కింటివాళ్ల టీవీ వినడానికి గోడ పక్కకి జరిగి కూర్చునేదాన్ని, వాళ్లేం చూస్తున్నారో అర్థం కాకపోయినా. వాళ్లు నవ్వితే ఏడుపొచ్చేది. పాపం వాళ్లేం చేశారు?"

"తిండి?"

"నిలబడి తినేదాన్ని. సింకు దగ్గర. కూర్చుంటే ఎదురుగా కుర్చీ కనిపిస్తుంది కదా."

పెగ్గీ తలూపింది. ఎదురుగా ఉన్న కుర్చీలో ఇప్పుడు వియోరిక ఉంది. "మంచంలో?"

ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఎవరూ అడగరు. లేసీ బోర్డు మీద కూడా లేదది.

"ఆయన వైపు ఉతికిన బట్టలు పెట్టుకునేదాన్ని, మడత పెట్టకుండా. కుప్పగా. చీకట్లో మనిషిలా ఉండేది."

పెగ్గీ చాలాసేపు బల్ల అంచు తుడిచింది, అక్కడ ఏమీ లేకపోయినా. "ఎన్నాళ్లు పట్టింది?" అంది చివరికి. "అలవాటవడానికి."

వియోరిక నోటి చివరికి వచ్చింది, కొన్నాళ్లేలెండి అని. ఎదురుగా ఉన్నావిడకి ఎనభై వస్తున్నాయి.

"మూడేళ్లు," అంది.

పెగ్గీ మూడేళ్లని మనసులో ఎక్కడో పెట్టి చూసుకున్నట్టు కూర్చుంది. తర్వాత నిట్టూర్చింది. శుక్రవారం నుంచీ బిగబట్టి ఉన్న భుజాలు కిందికి దిగాయి.

"మా చెల్లెలు నాలుగు వారాల్లో సర్దుకుంటావంది. డాక్టరూ అదే అన్నాడు. చర్చివాళ్లు కూడా. సర్దుకోవడం లేదేమిటా, నాలోనే ఏదో లోపముందా అని హడలిపోతున్నాను," అంది. "మూడేళ్లా! అయితే తొందరేమీ లేదన్నమాట. ఆ కోటు విప్పమ్మా ముందు."